ముప్ఫై శాతానికి దిగువన

కంప్యూటర్ గది, రెండో అంతస్తు
మార్చి 3

అక్కా,

దొరికింది. నాలుగు నెలలుగా నీ ప్రాణం, నా ప్రాణం తోడేస్తున్న ఆ వాకిలి దొరికింది.

మీ టీకాల కేంద్రంలో అందరికీ నువ్వే చెప్పుకోవాలి కాబట్టి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాస్తాను. చూడి ఆవులకి కడుపు నిలవకుండా ఈసుకుపోయేలా చేసే మీ బాక్టీరియాకి ఒంట్లో తిండి ఒకే ఒక్క చక్కెర. ఆ చక్కెర గోడ దాటి లోపలికి రావాలంటే, దాన్ని పట్టి లాగే ప్రోటీన్ ఒకటుండాలి. అది ఏదన్నదే మన గొడవ. ప్రోటీన్ అంటే ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండ అనుకో, ఒక్కో రకానికి ఒక్కో అక్షరం. వేరే బాక్టీరియాల్లో చక్కెర మోసే దండలు ఎలా ఉంటాయో ఇప్పటికే తెలుసు. వాటిని పైన పరిచి, మీ బాక్టీరియావి ఒక్కోటీ కింద పరిచి, ఎక్కడెక్కడ అక్షరాలు కలిశాయో లెక్కపెట్టడమే నా పని. పోలిక బాగా ఉంటే పని కూడా అదే అయివుంటుంది. ముక్కు చూసి ఏ ఇంటి పిల్లాడో చెప్పే నాయనమ్మ చేసిందీ ఇదే. ఆవిడకి కంప్యూటర్ లేదంతే.

నిన్న ఒకటి అరవై రెండు శాతం కలిసింది. దాని తర్వాత జాబితాలో ఇంకేమీ లేదు. అంటే వాకిలి ఒక్కటే. ఆ జన్యువు తీసేశారంటే బాక్టీరియా ఒంట్లో నాలుగు రోజులు ఉండి, ఆకలితో మాడి చస్తుంది. ఈలోగా ఆవు ఒళ్ళు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అంతకంటే మంచి టీకా ఏముంది?

మా మాస్టారు కాగితం చూసి చాలాకాలానికి నవ్వారు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ముప్ఫై శాతానికి తక్కువ కలిసినవాటిని కాగితం మీదకే రానివ్వరు. "చెత్తంతా అచ్చేసి చెట్లు నరకొద్దు" అంటారు. అందుకే మా జాబితాలు ఎప్పుడూ ఒక్క పేజీయే.

నివేదిక వేరే కవర్లో వస్తుంది. అడుగున నా సంతకం ఉంది, చూసుకుని మురిసిపో.

నీ తమ్ముడు


టీకాల కేంద్రం క్వార్టర్స్
మే 21

ఒరేయ్ తమ్ముడూ,

జన్యువు తీసేశాం. చక్కెర నీళ్ళలో పాత బాక్టీరియా మూడు రోజుల్లో పాలలా తెల్లబడింది, కొత్తది పదిరోజులైనా తేటగానే ఉంది. మా మేనేజరు రెండు ఫ్లాస్కులూ చెరో చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడ్డాడు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, ఆ మనిషి ఒక్కచోట అంతసేపు నిలబడటం ఇదే మొదటిసారి.

ఫ్లాస్కుల్ని ఇంకొన్నాళ్ళు ఉంచి చూడాల్సింది. ఆయనకి తొందర. సరే, చూసినంత చూశాం. నివేదికలో పదిరోజులు అని రాశాను.

మీ బావని సీసాలు నింపే గదికి మార్చారు. బాక్టీరియాని నీళ్ళలోంచి తీసి, గడ్డకట్టించి, ఎండబెట్టి, పొడిచేసి సీసాల్లో పోసే గది అది. ఆయన ఈ కొత్తదానికి పెట్టిన పేరు "కుంటిది". ఇప్పుడు కేంద్రమంతా అదే పేరు, రిజిస్టరులో తప్ప. నీ నివేదిక చూపించి మేనేజరు పైనుంచి అనుమతి తెచ్చాడు, ఆ గదిలో పెద్ద మాస్కులు ఇక అక్కర్లేదని. మీ బావకి పండగే. అది తగిలించుకుంటే కళ్ళజోడుకి ఆవిరి పట్టి, సీసా ఎక్కడుందో వేలు ఎక్కడుందో తెలిసేది కాదట.

నిన్ను చూస్తే గర్వంగా ఉందిరా. ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు కదా, అందుకని రాస్తున్నాను.

నీ అక్క

బామ్మర్దీ, మీ అక్క దయతలచి నాకు నాలుగు వేళ్ళ జాగా వదిలింది. ఊళ్ళో ఆవులన్నిటికీ కడుపు నిలబెట్టే మొనగాడివి, నీ పెళ్ళి ఎప్పుడు నిలబెట్టుకుంటావు? వయసు ముప్ఫై శాతం దాటింది, కాగితం మీదకి రావచ్చు. (బావ)


కంప్యూటర్ గది
జులై 4

అక్కా,

బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉండి రాయలేదు. వచ్చేనెల ఐదున లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ. ఉన్నది ఒక్క ఖాళీ, మేం పదకొండు మందిమి. నా చేతిలో చెప్పుకోవడానికి ఉన్నది మీ టీకా పని ఒక్కటే.

బావని మాస్కు వేసుకోమని చెప్పు. ప్రత్యేకంగా కారణమేమీ లేదు. ఎంత కుంటిదైనా బాక్టీరియా బాక్టీరియాయే కదా. సీసా పగిలితే పొడి లేస్తుంది. నేనన్నానని మాత్రం మేనేజరు దగ్గర అనకు, నా నివేదిక మీద నాకే నమ్మకం లేదనుకుంటాడు.

ఇక్కడ ఒకటే ఉక్కపోత. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

తమ్ముడు


క్వార్టర్స్
జులై 19

తమ్ముడూ,

నా మోకాలి గురించి నువ్వు అడిగావంటే ఏదో ఉంది. ఇంటర్వ్యూ భయమే అయితే భయపడకు. పదకొండు మందిలో నిజంగా పని చేసి చూపించినవాడివి నువ్వొక్కడివే.

మాస్కు మాట చెప్పాను. ఏమన్నాడో ఆయనే రాస్తాడు. గదిలో ఎవరూ వేసుకోకపోతే తనొక్కడే వేసుకుని ఏం వేషం అంటాడు. మొన్న ఒక ట్రే చేజారి పది సీసాలు పగిలాయట. తుడిచేసి, చేతులు కడుక్కుని, టీ తాగడానికి వెళ్ళారు.

నీ అక్క

బామ్మర్దీ, దాని కాళ్ళు విరగ్గొట్టింది నువ్వు. మళ్ళీ పరిగెత్తుకొచ్చి కరుస్తుందని బెదిరించేదీ నువ్వే. ఇలా అయితే ఎలా? ఇంటర్వ్యూలో మాత్రం ఇన్ని మాటలు మార్చకు. (బావ)


క్వార్టర్స్
ఆగస్టు 24

తమ్ముడూ,

ఉద్యోగం వచ్చిందని నీ కార్డు అందింది. చాలా సంతోషం. పెద్ద ఉత్తరం రాయాలనుకున్నాను, ఇంట్లో బాగాలేదు.

మీ బావకి రెండు వారాలుగా జ్వరం. పొద్దున తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ కాస్తుంది. పక్క దుప్పటి పిండితే నీళ్ళు కారేంత చెమట. నడుము, భుజాలు, ప్రతి కీలూ పట్టేస్తోంది. డాక్టరు ఫ్లూ అన్నాడు, తర్వాత కీళ్ళవాతం అన్నాడు. నీ ఉద్యోగం మాట చెబితే లేచి కూర్చుని, వాడికి ఉత్తరం నేనే రాస్తానన్నాడు. పెన్ను పట్టుకుని అలాగే నిద్రపోయాడు.

అక్క


కొత్త ఆఫీసు గది
ఆగస్టు 28

అక్కా,

ఈ ఉత్తరం చదవగానే ఆస్పత్రికి వెళ్ళు. నేను రాసింది రాసినట్టు డాక్టరుకి చెప్పు.

ఫ్లూ కాదు, వాతం కాదు. రక్తంలో మీ బాక్టీరియా ఉందేమో చూడమను. రక్తం వేసిన సీసాల్ని మామూలుగా ఐదు రోజులు చూసి పారేస్తారు, ఇది అంత త్వరగా పెరగదు. మూడు వారాలు ఉంచమను. ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందు ఇప్పుడే మొదలుపెట్టమను. ఈ జబ్బుకి వాడే మందులు రెండూ కలిపి ఆరు వారాలు ఇవ్వాలి, ఒక్కటి సరిపోదు. గుండె ఒకసారి చూడమను.

అనుమానం మాత్రమే. కానీ వెళ్ళు.

తమ్ముడు


ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు
సెప్టెంబరు 20

తమ్ముడూ,

పదిహేడో రోజున పెరిగింది. మా ల్యాబుకే తెచ్చి చూశాను. పాతది కాదు, బయట ఆవుల్లో తిరిగేది కాదు, జన్యువు తీసేసిన కుంటిదే. నా చేత్తో నేను కోసిన చోటు నాకు తెలియదా?

నీ ఉత్తరం వచ్చిన రోజే మందు అడిగాను. టీకాతో జబ్బెలా వస్తుందమ్మా అని డాక్టరు నవ్వాడు. మేనేజరు నీ నివేదికే తీసి ఆయనకి చూపించాడు. ఫలితం వచ్చాకే మందు మొదలైంది. ఈలోగా అది గుండె కవాటానికి పట్టింది. స్టెతస్కోపు పెడితే ఊళ్ళో మర ఆడుతున్న చప్పుడట, డాక్టరు మాట అది. ఆయన ఇప్పుడు నవ్వడం లేదు.

మీ బావ కాళ్ళు వాచాయి. దిండుకి ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరి అందదు. అలా కూర్చునే, "మీ తమ్ముడి లెక్క తప్పిందేమోనే, పాపం వాడెంత బాధపడతాడో" అంటాడు.

ఒక్క మాట చెప్పు. అందరూ ఫ్లూ అన్న జ్వరం అది కాదని, అంత దూరంలో ఉన్న నీకెలా తెలుసు?

అక్క


కొత్త ఆఫీసు గది
సెప్టెంబరు 25

అక్కా,

నీ ఉత్తరం అందాక నిన్ననే, మాస్టారి గీత తీసేసి మళ్ళీ మొదటినుంచి పోల్చాను. ఈసారి ముప్ఫై శాతానికి దిగువన ఉన్నవి కూడా అచ్చు వేయించాను.

ఇంకో వాకిలి ఉంది. దండ మొత్తం పోలిస్తే ఇరవై ఏడు శాతమే, అందుకే జాబితాలోకి రాలేదు. కానీ చక్కెరను పట్టుకునే చోట పదకొండు పూసలుంటాయి, అవి పదకొండూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. పెద్ద వాకిలి ఉన్నన్నాళ్ళూ దీనికి పనిలేదు. అది తీసేశాక ఇదే దిక్కైంది. చక్కెరను నిదానంగా లాగుతుంది, కానీ లాగుతుంది.

ఆగస్టులో నాకు కలిగింది అనుమానం మాత్రమే. డాక్టర్లకి పనికొస్తుందేమోనని కాగితాలు జతచేస్తున్నాను. బావకి ఏం చెప్పాలో తెలియడం లేదు. లెక్క తప్పిందని చెప్పు.

తమ్ముడు


క్వార్టర్స్
అక్టోబరు 30

మీ బావ పదకొండో తేదీ పొద్దున పోయాడు. కవరు మీద నీ అడ్రసు రాసి పెట్టుకుని, లోపల ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. నీకు టెలిగ్రాం ఇచ్చింది మేనేజరు. నువ్వు వచ్చావు, మూడు రోజులున్నావు, కుర్చీలన్నీ సర్దావు, నా కళ్ళలోకి మాత్రం చూడలేదు. దుఃఖం అనుకున్నాను.

విచారణ కమిటీ కాగితం ఇచ్చింది. "మృతుడు విధి నిర్వహణలో రక్షణ నియమాలను పాటించనందున" అని మొదలవుతుంది. మాస్కు అక్కర్లేదని నేనెప్పుడన్నాను, ఐచ్ఛికం అన్నాను అంటాడు మేనేజరు. చచ్చినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు కదా. టీకాలో దోషం లేదని రాసుకున్నారు. నలభై వేల సీసాలు గోదాములో ఉన్నాయి, జనవరిలో పశువుల ఆస్పత్రులకు వెళ్తాయి. నింపే గదిలో ఇంకా ఆరుగురు పనిచేస్తున్నారు. ఇద్దరికి సాయంత్రం పూట జ్వరం వస్తోంది.

నువ్వు పంపిన కాగితాలు కమిటీకి ఇద్దామని నిన్న తీశాను. మొదటి పేజీ నెత్తిన యంత్రం తేదీ వేసే పట్టీని నువ్వు చింపేశావు. నీటుగా, స్కేలు పెట్టి చింపావు. అచ్చు యంత్రం చివరి పేజీ అడుగున కూడా తేదీ వేస్తుందని మర్చిపోయినట్టున్నావు. నాలుగో పేజీ అడుగున ఉంది. జూన్ ఇరవై ఎనిమిది.

నువ్వు రాసిన "నిన్న" కాదు, సెప్టెంబరు కాదు. జూన్.

నిన్ను పెంచినదాన్ని. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. ఉత్తరాల్లో చెవులు కనబడవు, అందుకే ఇన్నాళ్ళు గడిచింది. ఇప్పుడు నిజం రాయి.


కొత్త ఆఫీసు గది
నవంబరు 4

అక్కా,

జూన్ ఇరవై ఎనిమిదినే చూశాను. ఇంటర్వ్యూలో గోడ మీద పెట్టడానికి పెద్ద జాబితా ఉంటే బాగుంటుందని గీత తీసి అచ్చు వేయించాను. రెండో వాకిలి నాలుగో పేజీలో కనబడింది. ఆ పదకొండు అక్షరాలూ కలిశాయి. పొరపాటు కావచ్చని రెండుసార్లు చేతితో పరిచి లెక్కపెట్టాను. కాదు.

ఇంటర్వ్యూకి ముప్ఫై ఎనిమిది రోజులుంది. నాకున్న ఒక్క పనిని నేనే తప్పని రాస్తే నాకు ఉద్యోగం ఎవరిస్తారు? ఇరవై ఏడు శాతమే కదా, పనిచేయకపోవచ్చు కదా అనుకున్నాను. ఇంటర్వ్యూ అయిన మర్నాడే రాద్దామనుకున్నాను. ఉద్యోగం వచ్చాక, చేరాక రాద్దామనుకున్నాను. మధ్యలో మాస్కు మాట ఒకటి రాసి, నా బాధ్యత తీరిందని నాకు నేను చెప్పుకున్నాను. కారణమేమీ లేదని కూడా రాశాను. కారణం రాసివుంటే బావ వేసుకునేవాడు.

నువ్వు ఏమన్నా పడతాను. ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి రాదు. ఆ సీసాలు ఆపడానికి వేరే దారి ఏదైనా ఉందేమో ఆలోచించు. మళ్ళీ పరీక్ష చేయించమని నువ్వు అడిగితే వాళ్ళకే బయటపడుతుంది కదా?

తమ్ముడు


క్వార్టర్స్
నవంబరు 9

వేరే దారి ఉందేమో ఆలోచించమన్నావు. ఆలోచించాను. ముందు నా సంగతి విను.

మే నెలలో పదకొండు ఫ్లాస్కులు పెట్టాను. పదిరోజులు తేటగా ఉన్నాయని నీకు రాశాను, అది నిజమే. పదింటిని కడిగేశాను, ఏడో నంబరుది అలమరలో మిగిలిపోయింది. పదహారో రోజున చూస్తే అడుగున పలచగా మబ్బు. చేత్తో ఊపితే పొగలా లేచింది. అది చూడగానే నాకు అర్థమైంది, కాకపోతే ఒప్పుకోలేదు. లోపల తిండి తింటే తప్ప మబ్బు రాదని బాక్టీరియా పెంచేవాళ్ళెవరికైనా తెలుసు. కానీ నివేదిక కింద నీ సంతకం ఉంది. నా కళ్ళకంటే నీ సంతకాన్ని నమ్మాను. నోటుపుస్తకంలో "కలుషితం" అని ఒక్క మాట రాసి, సింకులో పారబోసి, మేనేజరుకి చెప్పకుండా ఊరుకున్నాను. ఇంకోసారి పెట్టి చూడటానికి పదహారు రోజులు చాలు. ఆ పదహారు రోజులు నేను ఇవ్వలేదు.

తిలాపాపం తలా పిడికెడు. అందులో మాస్టారిది ఒక పిడికెడు, మేనేజరుది ఒకటి, నాది రెండు. నీది ఎంతో నువ్వే చూసుకో. ఏ పిడికిలీ పట్టనివాడి పేరు మాత్రం కాగితంలో మొదటి వాక్యంలో ఉంది.

నిన్న నోటుపుస్తకం కమిటీకి ఇచ్చేశాను. కిందనే నా పేరు, తేదీ, సంతకం. నన్ను పనిలోంచి ఆపేశారు, అది నాకు తెలిసే ఇచ్చాను. వాళ్ళు ఏమన్నారో విను. ఒక్క ఫ్లాస్కుతో ఏం రుజువవుతుంది, మీరే కలుషితం అని రాశారు కదా అన్నారు. నా మాటని నా చేతిరాతే కొట్టేసింది. రెండో వాకిలి ఉందని నీ కాగితాలు చెబితేనే ఆ మబ్బుకి అర్థం వస్తుంది.

వాటిని నేనే ఇవ్వొచ్చు. నాలుగో పేజీతో సహా. ఇవ్వను. నువ్వు ఇవ్వాలి. తేదీ చింపకుండా.

ఈ నెల ఇరవై దాకా ఆగుతాను. ఆ తర్వాత నేనే ఇస్తాను, అప్పుడు నువ్వు ఇచ్చినట్టు కాదు.


గది
నవంబరు 17

అక్కా,

పంపాను. నీకు ప్రతి జతచేస్తున్నాను. నేను రాసింది చిన్నదే:

"టీకా బాక్టీరియాకు చక్కెర లోపలికి తెచ్చుకునే రెండో మార్గం ఉంది. జూన్ 28న నాకు తెలిసింది. సొంత లాభం చూసుకుని నేను చెప్పలేదు. నా మార్చి నివేదిక ఆధారంగానే మాస్కులు తీసేశారు. మరణించిన ఉద్యోగి ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు. గోదాములోని సీసాలు బయటికి వెళ్ళకూడదు. నింపే గదిలో జ్వరం ఉన్నవారికి వెంటనే మందు ఇవ్వాలి."

మాస్టారికి చూపించడానికి వెళ్ళాను. చదివి కాగితం తిప్పి నా ముందు పెట్టారు. తర్వాత, "ఆ ముప్ఫై గీత గీసింది నేను. నా పేరెందుకు లేదు?" అన్నారు. తన చేత్తో ఒక వాక్యం రాసి సంతకం పెట్టారు.

ఇక్కడ ఆఫీసులో తాళంచెవి ఇచ్చేశాను. వాళ్ళు అడగకముందే.

నీ దగ్గరికి రావాలని ఉంది. రమ్మంటే వస్తాను.

తమ్ముడు


క్వార్టర్స్ (నెలాఖరుకి ఖాళీ చేయాలి)
డిసెంబరు 8

తమ్ముడూ,

సీసాలు ఆపేశారు. అన్నిటినీ ఆవిరి యంత్రంలో ఉడికించి చంపేస్తున్నారు, నాలుగు రోజులుగా అదే పని. జ్వరం ఉన్న ఇద్దరికీ రక్తంలో కుంటిది దొరికింది. గుండెకి ఎక్కలేదు, బతుకుతారు. అందులో ఒకతని భార్య నిన్న వచ్చి నా చేతులు పట్టుకుంది. నేను వెనక్కి తీసుకున్నాను. ఏడో ఫ్లాస్కు సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కమిటీ కొత్త కాగితం ఇచ్చింది. మొదటి వాక్యం మార్చారు. మీ బావ మీద తప్పు లేదని రాశారు. రెండుసార్లు చదివి బీరువాలో పెట్టాను.

నీ మీద కోపం పోయిందని రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. పోలేదు. నువ్వు పంపిన ప్రతిని చదివినప్పుడు కాస్త తగ్గినట్టనిపిస్తుంది. సాయంత్రం ఆయన కుర్చీ చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. నా మీద ఉన్న కోపం కూడా అంతే, కాకపోతే దాన్ని రావద్దనడానికి లేదు, ఇంట్లోనే ఉంటుంది.

వార్డులో ఉండగా ఒకరోజు నీ సెప్టెంబరు ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. లెక్క తప్పింది అన్న మాట దగ్గర ఆపి, "వాణ్ణి ఏమీ అనకు, వాడు కావాలని చెయ్యలేదు" అన్నాడు. అప్పటికి ఆ నాలుగో పేజీ మంచం కింద సంచిలోనే ఉంది. ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. నీకు తెలుసు.

ఆయన క్షమించింది లెక్క తప్పినవాణ్ణి. నిన్ను కాదు. నిన్ను క్షమించాలంటే నేనే ఉన్నాను, నాకు ఇంకా చేతకావడం లేదు.

రావద్దు.

అక్క